ఏడో నంబరు సీసా

పోయినవారం నర్సమ్మను లాండ్రీ మేడమీది గదిలో, చేతిలో తడి కాగితపు పట్టీతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే ఆవిడకే కాళ్ళు వాచేలా ఉన్నాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ ఇంట్లో కింద లాండ్రీ, పైన కాపురం. ఇద్దరు కోడళ్ళు, ఇద్దరూ కడుపుతోనే ఉన్నారు. పెద్దకోడలికి ఎనిమిదో నెల, అదీ పెళ్ళయిన ఆరేళ్ళకు. చిన్నకోడలికి అయిదు నెలలు నిండాయి, ఆమెకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. పది రోజుల కిందట ఇద్దరి మూత్రం సీసాలూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాయి. తిరిగి ఒకే ఒక్క కాగితం వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది, రెండు ప్లస్సులు, వెంటనే చూపించుకోవాలి అని అందులో ఉంది.

కాళ్ళు వాచాయని పొద్దున లేస్తే మొరపెట్టుకునేది చిన్నకోడలు. కాబట్టి కాగితం ఆమెదేనని ఇల్లంతా ఏకగ్రీవంగా తీర్మానించి, ఆమెను మంచం ఎక్కించింది. నర్సమ్మ వచ్చి బీపీ చూస్తే చక్కగా ఉంది. కాగితం ఒకటి చెబుతోంది, మిషను ఇంకొకటి చెబుతోంది. ఆ తేడా వారమంతా ఆవిడను కాలిలో ముల్లులా గుచ్చింది. ఈరోజు మళ్ళీ వచ్చి, అప్పటికప్పుడు పట్టించిన మూత్రంలో పట్టీ ముంచింది. ప్రోటీన్ ఉంటే ఆకుపచ్చగా మారాల్సిన గడి పసుపుగానే ఉండిపోయింది. మనం వదిలేసింది అక్కడే.

"ఏమైంది నర్సమ్మా? అలా చూస్తున్నారేంటి?" మంచం మీంచి చిన్నకోడలు లేవబోయింది.

"ఏం కాలేదు. నీకు ఏమీ లేదు."

"లేదా!" అంది చిన్నకోడలు. ఆ గొంతులో సంతోషం ఎంతుందో అభిమానం దెబ్బతిన్న బాధా అంతే ఉంది. "మరి వారం నుంచి పడుకుని పడుకుని నడుం పలకైపోయింది కదా. కాళ్ళ వాపు సంగతేంటి?"

"అయిదో నెల, ఎండాకాలం, రోజంతా నిలబడి పని. కాస్త వాపు ఎవరికైనా వస్తుంది. వాపొక్కటే చూసి ఏదీ చెప్పలేం." నర్సమ్మ సంచిలోంచి ఆ కాగితం తీసి మళ్ళీ చదివింది. "కానీ ఇది మాత్రం ఎవరో ఒకరిది. రెండు ప్లస్సులు గాల్లోంచి ఊడిపడవు."

కాగితం మీద పేరు రాయాల్సిన చోట ఏడు అనే అంకె ఉంది. ఆరోగ్య కేంద్రంవాళ్ళు వేసుకున్న వరస నంబరు అనుకుని ఇన్నాళ్ళూ దాన్ని దాటేసింది నర్సమ్మ. ఇప్పుడు ఆ అంకె మీద కన్ను ఆగింది. మంచం పక్కనున్న కుర్చీ మీద చిన్నకోడలి రవికె ఆరేసి ఉంది. దాని అంచుకు వేలెడంత గుడ్డపీలిక కుట్టి ఉంది. దాని మీద కూడా ఏడే ఉంది.

నర్సమ్మ సంచి భుజాన వేసుకుని కిందికి దిగింది.

కింద పగటిపూట కూడా మబ్బు పట్టినట్టే ఉంటుంది. మూలనున్న బాయిలర్ ఆవిరి వదులుతూ బుస్సుమంటూ ఉంటుంది. ఆ రొదలో ఎవరైనా మాట్లాడాలంటే అరవాలి, అరిచి అరిచి ఈ ఇంట్లో అందరికీ గొంతులు పెద్దవైపోయాయి, ఒక్క పెద్దకోడలికి తప్ప. ఆమె అరవడానికి బదులు మాట్లాడడమే మానేసింది. గోడవారగా లాడ్జీ దుప్పట్లు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర పెద్దకోడలు ఒక్కతే నిలబడి, తొక్కుడుబద్ద తొక్కుతూ పైపలక దించుతోంది, లేపుతోంది. చిన్నకోడలు మంచం ఎక్కినప్పటి నుంచీ ఇద్దరి పనీ ఆమెదే.

వాకిలి దగ్గర బల్ల వెనక అత్తగారు కూర్చుని ఉంది. వీధిలో ఆమెను గుర్తులమ్మ అంటారు. వచ్చిన ప్రతి బట్టకూ చెరగని సిరాతో గుర్తు రాసిన గుడ్డపీలిక కుట్టేది ఆమే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క చొక్కా కూడా ఇంకొకరి ఇంటికి పోలేదని ఆమె గొప్ప. ఆ గొప్ప నిజమే. అందుకే దాన్ని ఆమె రోజుకు నాలుగుసార్లయినా చెబుతుంది.

"ఏమ్మా, మా చిన్నదానికి ఎలా ఉంది?" కళ్ళజోడు పైనుంచి చూసింది గుర్తులమ్మ. "పాలూ పళ్ళూ మంచం దగ్గరికే పంపిస్తున్నా. కాలు కింద పెట్టనివ్వట్లేదు."

"బానే ఉంది. లేచి తిరగొచ్చు. పెద్దమ్మా, ఒక మాట అడుగుతా. ఈ ఏడు ఏంటి?"

గుర్తులమ్మ కాగితం వంక చూసి నవ్వింది. చదువుకున్నవాళ్ళ అజ్ఞానం చూస్తే ఆమెకు ఎప్పుడూ ముచ్చటే.

"అది మా ఇంటి గుర్తు. ఇంటికో నంబరు ఉంటుంది కదా. కొట్టు పెట్టినప్పుడు ఆరు ఇళ్ళు ఒప్పుకున్నాయి. వాళ్ళకు ఒకటి నుంచి ఆరు ఇచ్చి, మా బట్టలకు ఏడు పెట్టుకున్నా. ముందు గిరాకీ, తర్వాత మనం. ఇప్పుడు మూడొందల ఇళ్ళు దాటాయి. మా ఏడు మాత్రం ఏడే."

"సీసాల మీద కూడా మీరే రాశారా?"

"నేను కాక ఇంకెవరు? మీ కాగితం చీటీలు తడిస్తే ఊడిపోతాయి. అందుకే పీకి పారేసి, పీలికలు కట్టి పంపించా. మా సిరా సోడాలో ఉడకబెట్టినా పోదు."

"రెండు సీసాలకూ ఏడేనా?"

"రెండూ మా ఇంటివే కదమ్మా!" గుర్తులమ్మకు కాస్త విసుగొచ్చింది. "ఒక ఇంటికి రెండు గుర్తులు పెడతానా? అలా పెట్టుంటే ఈపాటికి నీ కోటు కూడా ఎవరి ఒంటి మీదో ఉండేది."

నర్సమ్మ ఫోన్ తీసి, ఒక చెవి మూసుకుని, వాకిట్లోకి వెళ్ళి ఆరోగ్య కేంద్రంలో పరీక్షలు చేసే అతనితో మాట్లాడింది. తిరిగి వచ్చి కాగితం గుర్తులమ్మ ముందు పెట్టింది.

"ఏడో నంబరువి రెండు సీసాలు వచ్చాయట. ఒకావిడే పాపం అమాయకంగా రెండు నింపి పంపిందనుకున్నాడట. ఒకటి పరీక్ష చేసి, రెండోది పారబోశాడు. చూసిన సీసా ఎవరిదో అతనికి తెలియదు."

"అయితే?"

"ఇప్పుడే చిన్నమ్మాయికి నా చేతులతో పరీక్ష చేశాను. ఏమీ లేదు. వారం కిందట బీపీ కూడా బాగానే ఉంది. మరి ఆ రెండు ప్లస్సులు ఎవరివి పెద్దమ్మా?"

గుర్తులమ్మ నోరు తెరిచింది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్క చొక్కా కూడా..." అనబోయింది కాబోలు, మాట సగంలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు కాగితం మీంచి లేచి, ఆవిరిలోంచి, ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళాయి. అక్కడ పెద్దకోడలు ఒక చేత్తో పైపలక దించుతూ, రెండో చేత్తో కణత నొక్కుకుంటోంది.

తప్పు గుర్తులమ్మ ఒక్కదానిదేనా అంటే కాదు. పోయినవారం నర్సమ్మ వచ్చినప్పుడు పెద్దకోడల్నీ రమ్మని పిలిచింది. "నాకేం నర్సమ్మా, బానే ఉన్నా. తీరిక లేదు" అని కిందనుంచే జవాబొచ్చింది. ఇంకా నాలుగు ఇళ్ళు తిరగాల్సి ఉంది, సరేలే అనుకుని నర్సమ్మ వెళ్ళిపోయింది. మూడు వారాల కిందట ఆమె బీపీ మామూలుగానే ఉంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. ఆ మాట తలచుకుని ఇప్పుడు ఆవిడకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"పెద్దమ్మాయ్, ఆపి ఇలా రా."

"ఈ నాలుగు దుప్పట్లూ కానిచ్చి వస్తా."

"నాలుగు కాదు, ఒక్కటి కూడా వద్దు. వచ్చి కూర్చో."

ఆ గొంతు విని పెద్దకోడలు వచ్చింది. నర్సమ్మ ఆమెను వీపు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చేతిని బల్ల మీద పెట్టించింది. తొందరపడి చూస్తే తొందర అంకె వస్తుందని అయిదు నిమిషాలు ఆగింది. గుర్తులమ్మ ఆ అయిదు నిమిషాలూ ఒకే పీలికను చేతిలో నలుపుతూ కూర్చుంది.

నూట యాభై నాలుగు, కింద నూట రెండు.

ఇంకాసేపు ఆగి మళ్ళీ చూసింది. నూట యాభై, వంద. సీసా ఇచ్చి లోపలికి పంపింది. పట్టీ ముంచితే ఈసారి పసుపు గడి నిలవలేదు. చూస్తుండగానే ఆకుపచ్చగా మారింది.

"తలనొప్పి ఎప్పటినుంచి?"

"నాలుగు రోజులు."

"కళ్ళముందు మెరుపుల్లాంటివి?"

పెద్దకోడలు ఒకసారి అత్తగారి వంక చూసి తల దించుకుంది. "నిన్నటి నుంచి. ఆవిరి వల్ల అనుకున్నా."

"మరి చెప్పొద్దా అమ్మా?" నర్సమ్మ దాదాపు అరిచింది.

"ఎలా చెప్పను?" బాయిలర్ రొదలో ఆ చిన్న గొంతు వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది. "చెల్లికి బాలేదని పడుకోబెట్టారు. మర్నాడే నాకూ తలనొప్పి అంటే, దాన్ని చూసి ఇది వంతుకు పడుకుందంటారు. ఆ మాట పడడం కంటే దుప్పట్లు ఇస్త్రీ చేసెయ్యడం తేలిక అనిపించింది."

ఆ మాట గుర్తులమ్మ కచ్చితంగా అని ఉండేది. ఆ సంగతి అందరికంటే బాగా గుర్తులమ్మకే తెలుసు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ అడిగితే ఏమంటారో ముందే తెలిసిన ఇంట్లో ఎవరు నోరు తెరుస్తారు?

ఈ లోగా చిన్నకోడలు మెట్లు దిగి వచ్చింది. సగం మాటలు మెట్ల మీదే విన్నట్టుంది, ఏడుస్తోంది.

"అక్కా, వారం రోజులు నీ విశ్రాంతి నేను తీసుకున్నాను" అంది. "నాకు లేని జబ్బుకు నీ పాలు కూడా నేనే తాగేశాను."

"ఊరుకో పిచ్చిదానా, నాకు పాలంటే పడదు" అంది పెద్దకోడలు. ఆ మాటకు నర్సమ్మ కూడా నవ్వేసింది.

తర్వాత ఆవిడ విషయం విడమరిచి చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోతూ, పైగా తలనొప్పి, కళ్ళముందు మెరుపులు ఉంటే ఇంట్లో కూర్చుని చూసే పని కాదు. వదిలేస్తే ఫిట్సు దాకా పోతుంది, తల్లికీ బిడ్డకూ ముప్పు. కానీ ముందే పట్టుకుంటే మందులున్నాయి, చూసే డాక్టర్లున్నారు. ఇలా ముందే తెలిసి, ఆస్పత్రిలో చేరి, బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చినవాళ్ళు ఆవిడ ఎరుకలోనే డజను మంది ఉన్నారు.

"కాబట్టి భయపడాల్సింది లేదు, ఆలస్యం చేయాల్సిందీ లేదు. ఇప్పుడే పెద్దాస్పత్రికి వెళ్ళాలి."

"ఇప్పుడేనా?" పెద్దకోడలు వెనక్కి తిరిగి దుప్పట్ల గుట్ట వంక చూసింది. "సాయంత్రానికి లాడ్జీవాళ్ళు వస్తారు. అన్నీ సగంలో ఉన్నాయి. రేపు పొద్దున వెళ్తే..."

ఆ మాట పూర్తి కాలేదు. గుర్తులమ్మ బల్ల వెనకనుంచి లేచింది. మోకాళ్ళ నొప్పులని ఆ బల్ల దగ్గరికే భోజనం తెప్పించుకునే మనిషి, నేరుగా మూలకు నడిచి, రెండు చేతులతో బాయిలర్ మీట పట్టుకుని కిందికి లాగేసింది.

బుస్సుమనే చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా పనివేళల్లో ఆ చప్పుడు ఆగలేదు. ఎదుటి కొట్టు టైలరు ఏదో ప్రళయం వచ్చిందని కత్తెర చేతపట్టుకుని గుమ్మంలోకి వచ్చి తొంగిచూశాడు.

"అత్తయ్యా, లాడ్జీ..."

"ఒక్క పూట ముడతల దుప్పటి మీద పడుకుంటే ఎవడి ప్రాణమూ పోదు." బాయిలర్ ఆగినా ఆమె గొంతు తగ్గలేదు. తర్వాత తగ్గింది. "ముప్ఫై ఏళ్ళు ఊరందరి చొక్కాలూ వేరువేరుగా చూశాను. నా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల్ని మాత్రం ఒకే మూటలో కట్టేశాను. తప్పు నాది తల్లీ. నువ్వు వంతుకు పడుకుంటే మాత్రం ఏం, నీ వంతు నువ్వు పడుకోకూడదా?"

పెద్దకోడలు ఆరేళ్ళలో అత్తగారి నోట తప్పు నాది అన్న మాట వినలేదు. తల ఊపింది. కన్నీళ్ళు మాత్రం వాటంతట అవే వచ్చాయి.

ఇక చూడండి, పని ఎలా జరిగిందో! ఒకసారి కదిలితే ఈ ఇంటివాళ్ళంత చురుకైనవాళ్ళు ఉండరు. గుర్తులమ్మ పెద్దకొడుక్కి ఫోన్ చేసి, వ్యాను ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి తిప్పమంది. అవతల అతను ఏదో సందేహం వెలిబుచ్చాడు. "ముందు నీ పెళ్ళాం, తర్వాత గిరాకీ" అని ఫోన్ పెట్టేసింది. చిన్నకోడలు వద్దన్నా వినకుండా పైకి వెళ్ళి బట్టలు సర్దింది. నర్సమ్మ పెద్దాస్పత్రి డాక్టరమ్మకు ఫోన్ చేసి అంకెలన్నీ చదివి వినిపించింది.

"తీసుకురండి, మంచం సిద్ధం చేయిస్తాను" అంది డాక్టరమ్మ. "ఎన్ని వారాలు?"

"ముప్ఫై ఒకటి."

"బిడ్డను లోపల ఇంకొన్ని వారాలు ఉంచగలిగితే మంచిది. ఉంచగలమో లేదో చూశాకే చెబుతాను. బిడ్డ ఎలా ఉంది?"

నర్సమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. "ఈరోజు కదలికలు ఎలా ఉన్నాయమ్మా?"

పెద్దకోడలు కడుపు మీద చెయ్యి వేసుకుని ఆలోచించింది. "పొద్దున లేవగానే కదిలినట్టుంది. తర్వాత పనిలో పడి..." ఆమె చెయ్యి కడుపు మీద వెతికింది. "తర్వాత నాకు గుర్తు లేదు నర్సమ్మా."

దుప్పట్ల గుట్ట కిందికి దించి, దాని మీద ఆమెను ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టారు. లాడ్జీవాళ్ళ దుప్పట్లు మొదటిసారి ఒక మంచి పనికి ఉపయోగపడ్డాయి. నర్సమ్మ సంచి అడుగునుంచి చెక్క గొట్టం తీసింది. గరాటు ఆకారంలో ఉంటుంది, పెద్ద మూతి కడుపు మీద ఆనించి, చిన్న మూతికి చెవి పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినాలి. మూడు వారాల కిందట ఈ గదిలో వినబోతే బాయిలర్ బుస తప్ప ఏమీ వినబడక, ఆమెను మేడమీదికి తీసుకెళ్ళింది. ఇప్పుడు గోడ గడియారం టిక్కుటిక్కుమనడం కూడా వినిపిస్తోంది. ఆ గడియారానికి చప్పుడుందని ఇంట్లోవాళ్ళకు ఇవాళే తెలిసింది.

నర్సమ్మ వంగి చెవి ఆనించింది. గొట్టం కాస్త పక్కకు జరిపింది. ఇంకాస్త కిందికి జరిపింది. కళ్ళు మూసుకుంది.

చిన్నకోడలు మెట్ల మీద మూటతో ఆగిపోయింది. గుమ్మంలో టైలరు కత్తెర మూశాడు.

గుర్తులమ్మకు ఏం చేయాలో తోచలేదు. చేతులకు పని లేకపోతే ఆమెకు ఊపిరాడదు. ఆస్పత్రికి తీసుకెళ్ళే సీసా బల్ల మీద ఉంది. ఆమె కొత్త పీలిక చింపి, కలం సిరాలో ముంచింది. అలవాటు చొప్పున చెయ్యి ఏడు వైపు వెళ్ళింది. ఆపుకుంది. తర్వాత అక్షరాలు కూడబలుక్కుంటూ, వంకరటింకరగా, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి అంకె కాకుండా ఒక మాట రాసింది. పెద్దకోడలు. రాసి, సిరా ఆరాలని ఊదుతూ తల ఎత్తింది.

నర్సమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు. ఆవిడ కుడిచెయ్యి ఇస్త్రీ బల్ల కాలు మీద ఉంది. ఆ చేతి చూపుడువేలు కదలకుండా నిలబడి ఉంది.

"ఉందా?" అంది పెద్దకోడలు. గాలికంటే మెల్లగా అంది, అయినా ఆ గదిలో అందరికీ వినబడింది.

చూపుడువేలు లేచింది. ఇనుప కాలు మీద ఒకసారి తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత ఆగకుండా, గడియారం టిక్కుల కంటే రెండింతలు వేగంగా, తట్టుతూనే ఉంది. గుర్తులమ్మ పీలిక బల్ల మీద వదిలేసి, ఆ వేలితో పాటు పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వీధిలో వ్యాను హారను మోగింది. నర్సమ్మ కళ్ళు తెరవకుండానే, ఆగమని రెండో చెయ్యి ఎత్తింది. నిమిషం ఇంకా పూర్తి కాలేదు.